సెట్టుంది, మనిషున్నాడు, పర్మిషనే లేదు

వరదో తుఫానో వచ్చి సెల్‌ఫోన్లు మూగబోయిన ప్రతిసారీ హైదరాబాద్‌లో ఒక పాత తగువు మళ్లీ పైకొస్తుంది. సహాయ సంస్థల్లో పనిచేసే కుర్రాళ్లకు అత్యవసర రేడియో ఏర్పాటు చేయడం నేర్పుతున్నారు, సరే. నేర్చుకున్నాక వాళ్ల చేతికి సెట్టు ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా? లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో పుట్టుపూర్వోత్తరాలు, 1983లో ఇక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైన సంగతి తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. అసలు మలుపు 2004 డిసెంబరులో ఉంది.

ఆ నెలలో ఆ సంస్థ బృందం ఒకటి భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. సహాయం కోసం వెళ్లినవాళ్లు కారు. ఏళ్ల తరబడి హామ్ సిగ్నలే వినపడని అండమాన్ నుంచి ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడాలన్నది వాళ్ల ముచ్చట. అందుకోసం ఎంతో కాలం వెంటపడి పర్మిషన్ తెచ్చుకున్నారు. వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో, అంటే ఆ స్టేషన్‌కు ఇచ్చిన గుర్తింపు పేరుతో, హోటల్లో సెట్టు పెట్టుకుని ఉండగా, 26న పొద్దున్నే భూమి కంపించింది. ఆ వెనకే సునామీ. ఫోన్లు పోయాయి. ఎవరు క్షేమం, ఎవరి ఆచూకీ లేదు, ఏమేం పంపాలి అన్న కబుర్లు రోజుల తరబడి ఆ సెట్టు మీదుగానే బయటికొచ్చాయి.

తర్వాత అందరూ రేడియోను పొగిడారు. భూకంపానికి ముందే చేతికొచ్చిన లైసెన్సు కాగితం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నేర్పే పని అంత కష్టమేం కాదు. 7 మెగాహెర్ట్జ్‌కు యాంటెన్నాగా దాదాపు 20 మీటర్ల వైరు చాలు. దాన్ని మధ్యకు తెంపి, చెరో 10 మీటర్లు నైలాన్ తాడుతో చెట్లకు కడతారు. మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే కట్టాలి. అప్పుడు సిగ్నల్ నిట్టనిలువుగా పైకెళ్లి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరకు తగిలి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర జల్లులా పడుతుంది. టవర్లు కూలిన జిల్లా నుంచి హైదరాబాద్‌కు కావలసింది అదే. సిగ్నల్ ఎంత వెనక్కి తన్నుతోందో చూపే మీటరు ముల్లు దిగేదాకా వైరు కొసలు కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోవాలి. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగేస్తుంది, ఉన్నదేమో ఒక్క కారు బ్యాటరీ. కాబట్టి పేరు, ఊరు, అవసరం చెప్పి ‘ఓవర్’ అనాలి, అంతే. కొద్ది రోజుల్లో ఎవరికైనా పట్టుబడే విద్య ఇది. లైసెన్సు మాత్రం పరీక్ష రాసి, విచారణలన్నీ అయ్యి చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి.

ఇంత బిగింపు ఎందుకంటే అధికారులు 2008ని చూపిస్తారు. ముంబయి దాడిలో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్ వాడారు. ఇప్పుడు అనుమతి లేని థురయా, ఇరిడియం శాటిలైట్ ఫోన్లు చేతిలో ఉంటే కేసే. ఎవరి దగ్గర ఏ సెట్టు ఉందో తెలియాలన్న మాట తీసిపారేసేది కాదు. పైగా ఒక కంపెనీ టవర్ పోతే ఇంకో కంపెనీది వాడుకునే ఏర్పాటుంది, లారీ మీద తెచ్చే టవర్లున్నాయి అంటారు. ఉన్నాయి. కానీ లారీ రావాలంటే రోడ్డుండాలి కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు ఎక్కడికక్కడ అడ్డంగా పడిపోయాయి.

ఈ చిక్కుకు అంతర్జాతీయంగా ఒక ఒప్పందం కూడా ఉంది. విపత్తు వేళ సహాయ బృందాలు తెచ్చే రేడియో పరికరాలకు దిగుమతి, లైసెన్సు అడ్డంకులు తగ్గించాలని 1998లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో రాసుకున్నారు. భారత్ 1999లోనే అందులో చేరింది. అది అమల్లోకి వచ్చింది 2005 జనవరి 8న, అంటే సునామీ వచ్చిన 13 రోజులకు. అయితే అది దేశాల మధ్య ఒప్పందం. ప్రభుత్వం సాయం అడిగితే బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం రాసినది. హైదరాబాద్‌లో నేర్చుకుని ములుగుకో భద్రాచలానికో బయల్దేరే కుర్రాడి గురించి అందులో ఏమీ లేదు.

2025 జూన్‌లో టెలికాం శాఖ ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు లైసెన్సు ఇచ్చాక, ఇంకా ఈ వైర్లూ తాళ్లూ ఎందుకనే వాళ్లూ తయారయ్యారు. ఆ డిష్‌కైనా కరెంటు కావాలి, పర్మిషనూ కావాలి. చేయాల్సింది పెద్ద పనేం కాదు. శిక్షణ పూర్తయినవాళ్ల విచారణ వానలకు ముందే ముగించి, పేర్ల జాబితా కలెక్టరేట్లలో ఉంచితే సరిపోతుంది. కాకపోతే ఆ ఫైలు టెలికాం శాఖ, హోం శాఖ రెండింటి దగ్గరా కదలాలి.