అపోహలు - వాస్తవాలు: ఎర్రగా మెరిసే గార తీయిస్తే పళ్ళు ఊడతాయా?

పోయిన వారం పుత్తూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కింది ముందు పళ్ళ వెనక ఊదా రంగు లైటు వేసి తెర మీద చూపించాను. పన్ను లేత పచ్చగా, చిగురు అంచున గార ఎర్రగా మెరుస్తోంది. "అది మాత్రం తియ్యొద్దు తల్లీ, దాని మీదే నా పళ్ళు నిలబడుండాయి" అన్నారు. తిరుపతిలో క్లినిక్ పెట్టినప్పటి నుంచీ ఈ మాట వినని వారం లేదు.

పన్నును పట్టి ఉంచేది ఎముక, ఎముకకూ వేరుకూ మధ్య ఉండే సన్నని నార. గార కాదు! సరిగ్గా తోమక మిగిలిన పాచి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటుతో గట్టిపడితే అదే గార. దాని గరుకు మీద మళ్ళీ పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే చాలామందికి లోపల ఎముక తరిగిపోతుంది, ఆ ఖాళీలో గార కూరుకుని ఉంటుంది కాబట్టి తీసిన రోజు నాలుకకు సందు తగులుతుంది, చల్లనీళ్ళు కొన్నాళ్ళు జివ్వుమంటాయి. ఆ సందు క్లీనింగ్ వల్ల వచ్చింది కాదు, ఎప్పుడో పడింది, ఇప్పుడు బయటపడింది. ఎముక బాగా పోయినవాళ్ళకు మొదట్లో పన్ను కాస్త కదిలినట్టు అనిపించవచ్చు. వాపు తగ్గాక చాలామందికి గట్టిపడుతుంది.

మా నాయన కూడా నా మాట వినలేదు. ఎవరో "ఊడిపోతాయి" అన్నారని పదేళ్ళు వాయిదా వేశాడు. ఒకరోజు రాగి సంగటి తింటుంటే, అంత మెత్తని ముద్దకే, కింది పన్ను చేతికొచ్చింది. వేరు చుట్టూ నల్లటి గార. దాన్ని ఎవరూ తీయలేదు, ముట్టుకోలేదు కూడా.

ఆ నల్ల గార చిగురు కింద ఉంటుంది, అద్దంలో కనిపించదు. "నా పళ్ళు తెల్లగానే ఉన్నాయి కదా" అనేవాళ్ళకు అందుకే సన్న మొన ఉన్న ఎర్ర లేజర్ పరికరం వాడతాను. గారలో బ్యాక్టీరియా వదిలిన పార్ఫిరిన్లు అనే పదార్థాలు 655 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని తిరిగి మెరుస్తాయి, ఆ మెరుపును పరికరం 0 నుంచి 99 వరకు అంకెగా చూపిస్తుంది.

అది ఎక్స్-రేనా అంటే కాదు, కంటికి కనిపించే కాంతే, గర్భిణులకు టెన్షన్ అక్కర్లేదు. గారను కరిగిస్తుందా? లేదు, చూపిస్తుందంతే, తీయాల్సింది గార తీసే పరికరం, స్కేలర్‌తోనే. అంకె పెరిగిన ప్రతిచోటా గార ఉన్నట్టు కూడా కాదు, పుచ్చు ఉన్నా, మరక ఉన్నా, పాలిషింగ్ పేస్టు మిగిలినా పెరుగుతుంది, అందుకే ప్రోబ్ (చిగురు కింద తడిమి చూసే సన్న కడ్డీ) పెట్టి చూడకుండా నేను ఏదీ తేల్చను.

పుత్తూరు అమ్మకు ఆ రోజు కింది ఆరు పళ్ళకే చేశాను, మిగతావి ఆమె ఒప్పుకుంటేనే అన్నాను. రెండో రోజు ఫోన్ చేసి జివ్వుమనడం ఎన్నాళ్ళుంటుందని అడిగారు. మిగతా పళ్ళకు మంగళవారం వస్తానన్నారు.