గ్రూప్ ఏ అంటే బ్లడ్ గ్రూప్ కాదండీ బాబూ

మొన్న ఆమదాలవలస నుంచి ఒకాయన మా రిపోర్టు పట్టుకుని వచ్చీసారు, కొడుకు గొంతు స్వాబ్ కల్చర్‌ది. "ఏటండీ ఇది, మా గుంటడిది ఓ పాజిటివ్, మీరేమో గ్రూప్ ఏ అని రాసీసినారు, శాంపిల్ గానీ మారిపోయిందేటి?" అని. నవ్వొచ్చింది గానీ ఆయన తప్పేముంది, రిపోర్టులో "బీటా హీమోలైటిక్ స్ట్రెప్టోకోకై, గ్రూప్ ఏ" అని రాసి ఊరుకున్నది మేమే, అది గొంతు నొప్పి తెచ్చే బ్యాక్టీరియా పేరని చెప్పలేదు. శ్రీకాకుళం జిల్లాలోనే పదేళ్ళ పైన బెంచ్ మీద ఉన్నాను, ఈ అక్షరం గురించి పేషెంట్లు అడిగేవీ, ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు అడిగేవీ, అడక్కుండా తప్పు రాసీసేవీ కొన్ని ఇక్కడ పెడుతున్నా.

ముందు ఆయన డౌటే. అంత పిచ్చి డౌటేం కాదు అసలు. మన ఎర్రకణాల మీద ఉండే చక్కెరల్లో తేడా బట్టే కదా ఏ, బీ అంటాం, స్ట్రెప్టోకోకస్‌కీ అంతే, దాని గోడలో ఉండే చక్కెరల గొలుసు బట్టే అక్షరం. కాకపోతే అది పురుగుది, పిల్లాడిది కాదు. గ్రూప్ ఏ గోడలో రామ్నోజ్ అనే చక్కెర గొలుసుకి పక్కన ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ తగిలించి ఉంటుంది, గ్రూప్ సీకి అదే చోట ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమైన్. ఆ రెండు చక్కెరలకీ తేడా ఒక్క కార్బన్ దగ్గర ఓహెచ్ అటు తిరిగిందా ఇటు తిరిగిందా అన్నదే, అంతమాత్రానికే యాంటీబాడీ ఇది నాది కాదు అనేస్తుంది.

అపోహ: ఏ అంటే డేంజర్, జీ అంటే పర్లేదు.

ఇవి మార్కుల గ్రేడులు కాదు. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ గారు మనుషులు, పశువులు, పాలు, చీజ్ నుంచి తీసిన 106 స్ట్రెయిన్లు పట్టుకుని, వేడి యాసిడ్‌తో గోడ చక్కెర బయటికి లాగి, కుందేలు సీరంతో కలిపి చూసి అయిదు గ్రూపులు చేశారు. ఏ ఎక్కువగా మనుషులవి, బీ ఆవుల పొదుగువాపువీ పాలవీ, డీ చీజ్‌వి. ఆ ఆవుల బీయే తర్వాత అప్పుడే పుట్టిన పిల్లల్లో రక్తం ఇన్‌ఫెక్షన్‌కి పెద్ద కారణమని తేలింది. సీ, జీ కూడా పెద్దవాళ్ళలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళలో గట్టిగానే పట్టుకుంటాయి. కాబట్టి అక్షరం చూసి ధైర్యం పడొద్దు.

అపోహ: లేటెక్స్‌లో (గ్రూపు తేల్చే కిట్ టెస్టు) గ్రూప్ ఏ విరిగితే అది పయోజినిసే (గొంతు నొప్పి తెచ్చే మామూలు గ్రూప్ ఏ స్ట్రెప్టోకోకస్).

ఇది మా వాళ్ళ అపోహ, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా. ఇప్పుడు యాసిడ్ మరగబెట్టడాలు లేవు, కిట్‌లో ఎంజైమ్ ఉంటుంది, కాలనీలు కలిపి 37 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి ఏ, బీ, సీ, డీ, ఎఫ్, జీ చుక్కలతో కలుపుతాం, ఏది పాలు విరిగినట్టు విరిగితే అదే గ్రూపు. ఈ అక్షరం ఇంటిపేరు లాంటిది. మన ఊళ్ళల్లో ఒకే ఇంటిపేరు వాళ్ళు ఎంతమంది, అందరూ ఒకే ఇంటివాళ్ళా? ఒకసారి లివర్ గడ్డ నుంచి తీసిన చీములో ఏ విరిగింది, కొత్తగా చేరిన పిల్ల పయోజినిస్ అని రాసీసింది. ప్లేటు చూస్తే 24 గంటలైనా కాలనీలు సూదిమొన అంతే ఉన్నాయి, మూత తియ్యగానే పాకం లాంటి తియ్య వాసన (వాసన చూడకూడదు, తెలుసు, అదే వచ్చేస్తుంది). పీవైఆర్ (పయోజినిస్ అయితే ఎర్రబడే రంగు టెస్టు) పెడితే ఎర్రబడలేదు. అది ఆంజినోసస్ అనే ఇంకో స్ట్రెప్టోకోకస్, గడ్డలు కట్టించడంలో ఆరితేరింది, దానికి ఏ ఉండొచ్చు, సీ, ఎఫ్, జీ ఉండొచ్చు, అసలేదీ లేకపోనూవచ్చు. కాలనీ సైజు చూసి, పీవైఆర్ పెట్టి, అప్పుడు పేరు రాయండి.

రెండు చుక్కలు విరిగితే కల్చర్‌లో రెండు పురుగులు కలిసిపోయాయేమో, మళ్ళీ ప్లేటు మీద స్ట్రీక్ (గీతలు గీసి వేరు) చెయ్యండి. ఆరూ విరిగితే అనుమానం కిట్ మీద. 2018 అక్టోబరు తిత్లీ తుఫానప్పుడు నేను పలాస వైపు ఒక చిన్న ల్యాబ్‌లో ఉండేవాణ్ణి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లో కిట్ ఉడికిపోయింది. తర్వాత నేనేమో డబ్బులు పోతాయని దాన్నే వాడాను, ఆరు చుక్కల్లో ఏది పెట్టినా విరిగింది. కంట్రోల్ (గ్రూపు ముందే తెలిసిన శాంపిల్) ముందు పెట్టుకునుంటే అరపూట మిగిలేది, బుద్ధి లేక పెట్టలేదు.

అపోహ: డీ అంటే ఎంటరోకోకస్ (పేగుల్లో ఉండే ఒక పురుగు). సగం నిజం. ఎంటరోకోకస్‌కి డీ ఉంది గానీ 1984లోనే స్ట్రెప్టోకోకస్ నుంచి వేరు కాపురం పెట్టేసింది, డీ ఉన్న గాల్లోలిటికస్ అనే పురుగు ఇంకా స్ట్రెప్టోకోకస్సే, అది రక్తంలో దొరికితే డాక్టర్లు పెద్దపేగు కూడా చూపించమంటారు. పైగా డీ గోడ చక్కెర కాదు, టైకోయిక్ యాసిడ్ రకం.

న్యూమోకోకస్‌కీ, విరిడాన్స్‌కీ (ఇవీ స్ట్రెప్టోకోకస్ రకాలే) గ్రూప్ రాయలేదేం అని అడక్కండి, వాటికి ఈ లెక్క పనికిరాదు.

ఇంక అన్నిటికంటే ఎక్కువ డబ్బులు తినే అపోహ: ఏఎస్ఓ (ఈ స్ట్రెప్టోకోకస్‌కి చేసే ఒక రక్త పరీక్ష) ఎక్కువుంటే కీళ్ళవాతం.

మోకాళ్ళు పీకుతున్నాయంటే చాలు ఏఎస్ఓ రాయించుకుని వచ్చేస్తారు. అది గోడ టెస్టు కానే కాదు, పురుగు బయటికి వదిలే స్ట్రెప్టోలైసిన్ ఓ అనే విషానికి మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీ. సీ, జీల్లో కొన్ని కూడా ఆ విషం వదుల్తాయి, కాబట్టి 400 వచ్చిందని గ్రూప్ ఏ అని కూడా చెప్పలేం. గొంతు నొప్పి వచ్చిన వారానికి పెరగడం మొదలై 3 నుంచి 5 వారాలకి పైకెళ్ళి నెలలపాటు దిగదు, బడికెళ్ళే పిల్లల్లో ఏ జబ్బూ లేకుండా 200 దాటి కనిపించడం మామూలే. రుమాటిక్ ఫీవర్ (ఈ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత కీళ్ళకీ గుండెకీ వచ్చే జబ్బు) అనాలంటే గుండె, కీళ్ళు అన్నీ కలిపి డాక్టరు చూడాలి, ఇది వెనక సాక్ష్యం మాత్రమే. ఇంకో వైపు కూడా ఉంది, గజ్జి పుండ్లు చీముపట్టి తర్వాత మొహం ఉబ్బి, ఒంటికి ఎర్రగా వెళ్ళే పిల్లల్లో ఏఎస్ఓ నార్మల్‌గా ఉండొచ్చు, చర్మంలోని కొవ్వు ఆ విషాన్ని కట్టేస్తుంది. అక్కడ యాంటీ డీఎన్‌ఏస్ బీ (ఇదే పురుగు వదిలే ఇంకో ఎంజైమ్‌కి పుట్టిన యాంటీబాడీ) టెస్టు అడగాలి.

"ఈ కాలంలో పెన్సిలిన్ ఏం పనిచేస్తాది" అని కూడా అంటుంటారు. గ్రూప్ ఏ మీద ఇప్పటికీ పనిచేస్తుంది, ఎదురు తిరిగేది అజిత్రోమైసిన్ లాంటి వాటికి, ఆ సెన్సిటివిటీ మాత్రం చూసి రాస్తాం. ఆమదాలవలస ఆయన గుంటడికీ పది రోజుల అమోక్సిసిలినే రాశారు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని ఆపీద్దామనుకున్నారట, రిపోర్టు పట్టుకుని వచ్చింది అసలు అందుకే, ఆపొద్దని చెప్పి పంపాను.