పశ్చాత్తాపం ఉందంటే కరుణ ఉన్నట్టేనా?

విశాఖలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. తప్పు చేసి నలిగిపోతూ వచ్చేవాళ్ల దగ్గర, వాళ్ల ఇంట్లోవాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: ఇంతలా కుమిలిపోతున్నాడంటే అవతలివాళ్ల మీద ఎంత కరుణ ఉండాలి!

వాస్తవం: ఉండకపోవచ్చు. ఒకాయన సంగతి చెప్తాను, వివరాలు మార్చాను లెండి. మద్దిలపాలెంలో ఆయన బండి తగిలి ఒక పెద్దావిడ పడిపోయింది. ఆరు వారాలు నా దగ్గరికి వచ్చాడు. నిద్ర లేదు, తిండి సయించదు, సింహాచలం మెట్లు కూడా ఎక్కి వచ్చాడు. కొరికి కొరికి వేళ్లకి గోళ్లు మిగల్లేదు. ఓ రోజు అడిగాను, "ఆవిడకి దెబ్బ తగిలింది ఏ కాలికండీ?" అని. నోట మాట లేదు. ఆయనకి తెలియదు. ఒక్కసారి ఫోన్ కూడా చేయలేదు.

ఆ బాధ నటన కాదు. కాకపోతే అందులో ఆయనొక్కడే ఉన్నాడు, ఆవిడ లేదు. 'నేను చెడ్డవాణ్ణి' అనుకునేవాడు ముఖం చాటేస్తాడు. 'నేను చేసింది తప్పు' అనుకునేవాడు సరిదిద్దడానికి చూస్తాడు. జూన్ ట్యాంగ్నీ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి పరిశోధించిన తేడా ఇదే.

అపోహ: కరుణ అంటే అవతలివాళ్లతో పాటు మనమూ ఏడవడం.

వాస్తవం: ఆ ఏడుపు ముదిరితే మనమే తట్టుకోలేక పక్కకి తప్పుకుంటాం. కరుణలో ఆ టెన్షన్ కంటే సాయపడాలన్న కోరికే ఎక్కువ.

అపోహ: తన మీద తను దయ చూపించుకుంటే తప్పు మాఫీ చేసుకున్నట్టే.

వాస్తవం: 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఫలితమే వచ్చింది. తమ తప్పును దయగా చూసుకున్నవాళ్లకే దాన్ని సరిచేయాలన్న పట్టుదల ఎక్కువ.

అపోహ: క్షమాపణ అంటే మన బాధంతా వాళ్ల ముందు వెళ్లబోసుకోవడం.

వాస్తవం: మన పక్క కళింగ కథే చూడండి. ఆ యుద్ధంలో లక్ష మంది హతమయ్యారని, లక్షన్నర మందిని బందీలుగా తరలించారని, అందుకు బాధపడుతున్నానని అశోకుడు 13వ శాసనంలో చెప్పాడు. మన కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ అది ఉంది. కళింగలోని ధౌలి, జౌగడల్లో మాత్రం లేదు! అక్కడ చెక్కించింది అధికారులకిచ్చిన ఆదేశం: మనుషులందరూ నా బిడ్డలే, కారణం లేకుండా ఎవర్నీ చెరలో పెట్టకండి. అది రాజకీయమే కావచ్చు. అయినా దెబ్బ తిన్నవాళ్ల ముందు తన ఏడుపు పెట్టలేదన్నది నాకు నచ్చుతుంది.

మా బండాయన తర్వాతి వారం కూర్చోకముందే అన్నాడు: "ఎడమ కాలండీ. రైతు బజారుకి వెళ్లలేకపోతోందట. పొద్దున్నే కూరలిచ్చి వచ్చాను."