‘సంఘం’ అనకూడదు: ఇంగ్లిష్ బైబిల్ మాటల వెనక రాజకీయం

తెలుగు బైబిల్లో మత్తయి 16:18 తీసి చూడండి. పేతురుతో యేసు అన్న మాట: “ఈ బండమీద నా సంఘమును కట్టుదును.” మన ఊళ్లలో ప్రొటెస్టెంట్లు “మా సంఘం”, “సంఘ పెద్దలు” అనే అంటారు. అదే అర్థంలో కతోలికులు “శ్రీసభ” అంటారు. రెండు మాటలకూ మూలంలో ఉన్నది ఒకటే గ్రీకు పదం, ఎక్లేసియా. పిలిస్తే వచ్చి కూడిన జనం అని దాని పాత అర్థం. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు నాటకశాలలో కేకలు పెట్టిన గుంపునూ ఇదే పదంతో చెప్పారు. తెలుగువాళ్లు అక్కడ “ఆ సభ గలిబిలిగా ఉండెను” అని రాశారు.

ఇంగ్లిష్‌లో ఈ పదానికి రెండు దారులున్నాయి. ఒకటి ‘కాంగ్రిగేషన్’, అంటే కూడిన జనం, మన సంఘం. రెండోది ‘చర్చ్’. 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చర్చ్ అంటే బిషప్పులు, భూములు, దశమభాగం వసూళ్లు, మతన్యాయస్థానాలు, వాటన్నిటి పైన రాజు. యేసు కట్టింది వీటిలో ఏది? అనువాదకుడు ఒక్క మాట రాశాడంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పేసినట్టే. అందుకే 1604లో ఇంగ్లండ్ కొత్త బైబిల్ (తర్వాత కింగ్ జేమ్స్ బైబిల్ అని పేరొచ్చింది దీనికే) తలపెట్టినప్పుడు, అనువాదకులకు ఇచ్చిన 15 నిబంధనల్లో మూడోది ఈ మాట గురించే పెట్టారు: పాత చర్చి పదాలు అలాగే ఉంచాలి, ‘చర్చ్’ను ‘కాంగ్రిగేషన్’ అని మార్చకూడదు.

గొడవ అంతకు ఎనభై ఏళ్ల ముందే మొదలైంది. విలియం టిండేల్ గ్రీకు నుంచి నేరుగా ఇంగ్లిష్‌లోకి తెచ్చిన కొత్త నిబంధన 1526లో జర్మనీలోని వోర్మ్స్‌లో అచ్చయింది. సొంత దేశంలో అచ్చు వేసుకునే వీలు లేదు. ప్రతులు దొంగచాటుగా ఇంగ్లండ్ చేరాయి. టిండేల్ ఎక్లేసియాను కాంగ్రిగేషన్ అన్నాడు. ప్రెస్బుతెరోస్ అనే మాటకు ‘ప్రీస్ట్’ బదులు మొదట ‘సీనియర్’ అనీ, 1534 కూర్పులో ‘ఎల్డర్’ అనీ రాశాడు. అంటే మన ‘పెద్ద’. మెటానోయెయితే అన్న చోట ‘పెనన్స్ చెయ్యండి’ తీసేసి ‘రిపెంట్’ అన్నాడు. ‘చారిటీ’ బదులు ‘లవ్’ అన్నాడు.

విడివిడిగా చూస్తే నాలుగూ నిఘంటువుకు లోబడ్డ మాటలే. కలిపి చదివితే మాత్రం చర్చి ఆదాయానికి గండి పడుతుంది. పూజారి లేడు, పెద్దలున్నారు. పూజారి విధించే ప్రాయశ్చిత్తం లేదు, మనసు మార్చుకుంటే చాలు. చారిటీ అనగానే గుర్తొచ్చే దానధర్మాల స్థానంలో ప్రేమ వచ్చింది. కతోలిక పండితుడు థామస్ మోర్ 1529లో టిండేల్ మీద పుస్తకం రాసినప్పుడు సరిగ్గా ఈ మాటలనే పట్టుకున్నాడు. మోర్‌ను మూర్ఖుడని కొట్టిపారేసేవాళ్లున్నారు కానీ, పద ప్రయోగం వెనక ఉన్న ఎత్తుగడను అతను చూసినంత స్పష్టంగా ఆ రోజుల్లో ఇంకొకరు చూడలేదు. 1536 అక్టోబరులో బ్రసెల్స్ దగ్గర విల్‌వోర్డెలో టిండేల్‌ను గొంతు బిగించి చంపి, ఆపైన దహనం చేశారు.

ఇక్కడ మన తెలుగు బైబిల్ సంగతి ఒకటి. సంఘము, పెద్దలు, “మారుమనస్సు పొందుడి”, “ప్రేమ దీర్ఘకాలము సహించును”: మోర్ తప్పుపట్టిన నాలుగు చోట్లా మన వాడుక బైబిల్ టిండేల్ పక్షాన ఉంది. లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నంలో తెలుగు అనువాదం మొదలుపెట్టింది 1805 తర్వాత. అప్పటికి వాళ్లను నిలదీసే రాజశాసనం ఏదీ లేదు.

కతోలికురాలైన ఇంగ్లండ్ రాణి మేరీ కాలంలో (1553–58) దేశం విడిచిన ప్రొటెస్టెంట్లు జెనీవాలో కూర్చుని 1560లో ఇంకో బైబిల్ పూర్తి చేశారు. పెద్ద బల్ల మీద గొలుసుతో కట్టేసే సైజు కాదు, ఇంట్లో పెట్టుకుని చదువుకునే సైజు. చదవడానికి తేలికైన రోమన్ అచ్చు, పటాలు, వచనాలకు అంకెలు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో పూర్తి బైబిల్‌కు వచన సంఖ్యలు వేసింది ఇదే మొదలు. వీటన్నిటికన్నా ముఖ్యం పేజీ అంచుల్లో కిక్కిరిసిన వ్యాఖ్యలు. అసలు పేచీ అక్కడే వచ్చింది.

నిర్గమకాండము మొదటి అధ్యాయంలో మగబిడ్డలను చంపమని ఫరో ఆజ్ఞాపిస్తాడు. షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఆ పని చెయ్యరు, అడిగితే సాకు చెబుతారు. జెనీవా బైబిల్ పక్కన వేసిన వ్యాఖ్య: వాళ్లు ఆజ్ఞ మీరడం న్యాయమే, సాకు చెప్పడమే తప్పు. రెండో దినవృత్తాంతములు 15:16లో ఆసా రాజు విగ్రహం పెట్టిన తన తల్లిని పదవి నుంచి తొలగిస్తాడు. వ్యాఖ్య: ఆమెను చంపించి ఉండాల్సింది, తెలివిమాలిన జాలికి లొంగాడు.

స్కాట్లండ్ రాజుగా ఉండి ఇంగ్లండ్‌కూ రాజైన మొదటి జేమ్స్ ఈ రెండు వ్యాఖ్యలనూ పేరుపెట్టి తిట్టాడు. రాజాజ్ఞ మీరడం న్యాయమంటే రాజు ఎందుకు ఉలిక్కిపడ్డాడో చెప్పనక్కర్లేదు. రెండోది ఇంకా లోతుగా గుచ్చుకుని ఉండాలి. జేమ్స్ కన్నతల్లి, స్కాట్లండ్ రాణి మేరీ, 1587లో శిరచ్ఛేదానికి గురైంది. రాజు దేవుడికి తప్ప ఎవరికీ జవాబుదారీ కాడని జేమ్స్ 1598లోనే పుస్తకం రాసి ఉన్నాడు. స్కాట్లండ్‌లో ‘పెద్దల’ పాలన కోరే ప్రెస్బిటేరియన్లతో అతని అనుభవం చేదుది. “బిషప్ లేకపోతే రాజూ లేడు” అన్న అతని మాట అక్కడి నుంచి వచ్చిందే.

1604 జనవరిలో హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో మూడు రోజులు సమావేశం జరిగింది. కొత్త అనువాదం కావాలని అడిగింది ప్యూరిటన్ల (ఇంగ్లండ్ చర్చిని ఇంకా సంస్కరించాలనే ప్రొటెస్టెంట్ల) తరఫున వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పండితుడు జాన్ రెయినాల్డ్స్. లండన్ బిషప్ రిచర్డ్ బాన్‌క్రాఫ్ట్‌కు అది ఇష్టం లేదు. ఒక్కొక్కరి సరదా తీర్చుకుంటూ పోతే అనువాదాలకు అంతుండదన్నాడు. రాజు మాత్రం వెంటనే అందుకున్నాడు. జెనీవా వ్యాఖ్యలు పక్షపాతం, అసత్యం, రాజద్రోహం అని తిట్టిపోసి, కొత్త బైబిల్ అంచుల్లో వ్యాఖ్యలే ఉండకూడదన్నాడు. అడిగినవాళ్లకు అడిగింది దొరికింది, కానీ పగ్గాలు బాన్‌క్రాఫ్ట్ చేతికి వెళ్లాయి. అదే ఏడాది అతను కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కూడా అయ్యాడు.

నిబంధనల్లో మొదటిది: 1568 నాటి బిషప్స్ బైబిల్‌ను పట్టుకుని నడవాలి, మూలం బలవంతపెడితే తప్ప మార్చకూడదు. మూడోది పైన చెప్పిందే. ఆరోది: అంచుల్లో హీబ్రూ, గ్రీకు మాటల వివరణకు తప్ప వ్యాఖ్యలు వద్దు. పద్నాలుగోది: మూలానికి దగ్గరగా ఉంటే టిండేల్, కవర్‌డేల్, జెనీవా కూర్పుల మాటలు వాడుకోవచ్చు.

దాదాపు 47 మంది పండితులు ఆరు బృందాలుగా పనిచేశారు. వెస్ట్‌మిన్‌స్టర్‌లో రెండు, ఆక్స్‌ఫర్డ్‌లో రెండు, కేంబ్రిడ్జ్‌లో రెండు. ఒక అధ్యాయాన్ని బృందంలో ప్రతి ఒక్కరూ విడిగా చేసి తెచ్చేవారు. అందరూ కూర్చుని ఒక పాఠం ఖాయం చేశాక అది మిగతా బృందాలకు వెళ్లేది. రాజుగారి ముద్రాపకుడు రాబర్ట్ బార్కర్ కుట్టని బిషప్స్ బైబిల్ ప్రతులు 40 సరఫరా చేశాడు. దిద్దుబాట్లు వాటి మీదే. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు తలా ఒక భాష బైబిల్ చేతిలో పట్టుకుని వినేవారనీ, తప్పు తోస్తే ఆపేవారనీ, లేకపోతే చదువు సాగిపోయేదనీ ఆ కాలపు పండితుడు జాన్ సెల్డన్ చెప్పాడు. చెవికి ఇంపుగా ఉందా లేదా అన్న పరీక్ష దానంతట అదే జరిగిపోయింది. 1611లో పుస్తకం అచ్చయింది.

ఫలితం ఎలా ఉందంటే, కొత్త నిబంధనలో 80 శాతానికి పైగా టిండేల్ మాటలే నిలిచాయి. ఏ మనిషిని చంపారో అతని వాక్యాలే రాజుగారి బైబిల్లోకి ఎక్కాయి, కీలకమైన పదాలు కొన్ని తప్ప. ‘కాంగ్రిగేషన్’ పోయి ‘చర్చ్’ వచ్చింది. కొరింథీయులకు మొదటి పత్రిక 13లో ‘లవ్’ పోయి ‘చారిటీ’ వచ్చింది. యెషయా 13:11లో జెనీవా “నిరంకుశుల గర్వం” అంటే, 1611లో “భయంకరుల” గర్వం అయింది. నిరంకుశుడు అనే అర్థమిచ్చే ‘టైరంట్’ అనే మాట అపోక్రిఫాను (ప్రొటెస్టెంట్లు ప్రామాణికంగా లెక్కించని పుస్తకాలను) పక్కన పెడితే కింగ్ జేమ్స్ బైబిల్లో ఎక్కడా కనపడదు. జెనీవాలో చాలాసార్లు కనపడుతుంది. అపొస్తలుల కార్యములు 1:20లో యూదా పదవి సంగతి. జెనీవాలో అది మామూలు ‘బాధ్యత’, కింగ్ జేమ్స్‌లో ‘బిషప్రిక్’, అంటే బిషప్ పీఠం. తెలుగువాళ్లు ఈ తంటా ఏదీ లేకుండా “అతని యుద్యోగము వేరొకడు తీసికొనును గాక” అని తేల్చేశారు.

అయితే ప్రతి తేడాలోనూ కుట్ర వెతికితే బోల్తా పడతాం. అపొస్తలుల కార్యములు 20:28లో ఎపిస్కోపోస్ అనే మాటను కింగ్ జేమ్స్‌లో ‘బిషప్’ అనకుండా ‘పర్యవేక్షకులు’ అనడం కుట్రేనని వాదించేవాళ్లున్నారు. పెద్దలూ బిషప్పులూ ఒకరే అని బయటపడకుండా అలా చేశారట. తీరా చూస్తే అదే చోట జెనీవాలోనూ అదే మాట ఉంది. ఇంకో చిత్రం: మత్తయి 16:18లో ‘కాంగ్రిగేషన్’ అని ఉన్నది బిషప్పులు స్వయంగా చేయించిన బిషప్స్ బైబిల్లో. జెనీవావాళ్లు అప్పటికే ‘చర్చ్’కు తిరిగొచ్చారు. సంస్కర్త కాల్విన్ ఊరైన జెనీవాలో చర్చి బలహీనంగా ఉండాలని ఎవరూ కోరుకోలేదు మరి. కాబట్టి మూడో నిబంధన ప్యూరిటన్ల మీదికే కాదు, సొంత ఇంట్లో మిగిలిపోయిన టిండేల్ మీదికి కూడా. ఏదైనా పదం అనుమానంగా తోస్తే మూలపదం, అంతకు ముందరి కూర్పు, ప్రత్యర్థి కూర్పు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండే పెట్టి చూస్తే ఇలాంటి పొరపాట్లే జరుగుతాయి.

జెనీవా వెంటనే చావలేదు. ఇంగ్లండ్‌లో ముద్రణ ఆగాక హాలండ్ నుంచి ప్రతులు వచ్చేవి. ఇబ్బంది రాకుండా వాటి మీద 1599 అని పాత తేదీ వేసేవారు. 1642లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కింగ్ జేమ్స్ పాఠానికి జెనీవా వ్యాఖ్యలు అంటించి అచ్చు వేశారు. మరుసటి ఏడాది రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరుగుతున్న అంతర్యుద్ధంలో పార్లమెంటు సైనికులకు పంచిన చిన్న జేబు పుస్తకంలోని వచనాలు ఎక్కువగా జెనీవావే.

మాటలు మార్చే ఓపిక లేనివాళ్లు పేజీలే తీసేశారు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం అచ్చువేసిన ‘ఎంపిక చేసిన భాగాలు’లో పాత నిబంధన పదో వంతు, కొత్త నిబంధన సగం మాత్రమే ఉన్నాయి. ఇశ్రాయేలీయులు దాస్యం నుంచి బయటపడిన కథ లేదు. దాసులారా, యజమానులకు లోబడండి అన్న ఎఫెసీయులకు 6:5 మాత్రం ఉంది. 1939లో ఐజెనాక్‌లో నాజీ అనుకూల ప్రొటెస్టెంట్లు ఒక సంస్థ పెట్టి, మరుసటి ఏడాది యూదు జాడలు చెరిపేసిన కొత్త నిబంధన తెచ్చారు. లూథర్ కూర్చుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చిన వార్ట్‌బర్గ్ కోట ఉన్నది ఆ ఊళ్లోనే.

అమెరికాలో పేచీ వేరే రూపంలో తిరిగొచ్చింది. 1952లో రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ యెషయా 7:14లోని ‘ఆల్మా’ అనే హీబ్రూ మాటకు ‘యువతి’ అని రాసింది. ‘కన్యక’ అనేది గ్రీకు అనువాదం ద్వారా వచ్చిన అర్థం. మన తెలుగులో ఉన్నదీ అదే. నార్త్ కరోలినాలో ఒక పాస్టర్ ఆ పేజీని తగలబెట్టాడు. 1960లో అమెరికా వైమానిక దళ శిక్షణ పుస్తకం ఒకటి ఆ అనువాదకుల్లో చాలామందికి కమ్యూనిస్టు అనుబంధ సంస్థలతో సంబంధం ఉందని రాసింది. గొడవయ్యాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. హీబ్రూ వ్యాకరణం ప్రచ్ఛన్న యుద్ధంలోకి వెళ్లిన సందర్భం అది.

1997 నుంచి తగాదా స్త్రీపురుషుల మీదికి మళ్లింది. ‘సహోదరులారా’ అన్న చోట ‘సహోదరీ సహోదరులారా’ అనవచ్చా అన్నది ఒకటి. రోమీయులకు 16:1లో ఫీబే పదవి ఇంకొకటి. గ్రీకులో ఆమె దియాకొనోస్. 2011 నాటి న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ ‘డీకన్’ అంది. 2001లో సంప్రదాయవాదులు తెచ్చిన ఇంగ్లిష్ స్టాండర్డ్ వెర్షన్ ‘సేవకురాలు’ అంది. తెలుగు “సంఘపరిచారకురాలు” ఈ తగాదాలో ఎవరి పక్షమూ తేల్చదు. ఫిలిప్పీయులకు 1:1లో పురుషులకు వాడిన “పరిచారకులు” ఇదే మాట కనుక, చదివేవాళ్లు పోల్చుకోవచ్చు.

అన్నిటికన్నా చిన్న మాట మీద జరిగిన మార్పు ఆదికాండము 3:16లోది. “నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును” అని తెలుగు. ఇంగ్లిష్ స్టాండర్డ్ వెర్షన్ 2016లో ఆ ‘యెడల’ను తీసి ‘భర్తకు విరుద్ధంగా’ అని మార్చి, ఇక ఈ పాఠం శాశ్వతం, మార్పులుండవు అని ప్రకటించింది. హీబ్రూలో ఉన్నది ‘ఎల్’ అనే రెండక్షరాల విభక్తి. భార్య సహజంగానే భర్త మీద తిరగబడుతుందని చదువుకునే వీలు దాంతో వచ్చింది. విమర్శలు వచ్చాక కొద్ది రోజుల్లోనే ‘శాశ్వతం’ అన్న ప్రకటన ఉపసంహరించుకున్నారు. ‘విరుద్ధంగా’ అన్న మాట మాత్రం 2025 కూర్పు వరకూ ఉండి, అప్పుడు మళ్లీ ‘యెడల’ అయింది.