విదేశీ టెక్నాలజీ, మన పన్ను: అపోహలు - వాస్తవాలు

నేను శ్రీకాకుళంలో సీఏని. పలాస జీడి ఫ్యాక్టరీల వాళ్లు, పైడిభీమవరం, బొబ్బిలి పరిశ్రమల వాళ్లు బయటి దేశం నుంచి మెషినో, తయారీ పద్ధతో తెచ్చుకునేటప్పుడు నాతో అనే మాటలివి.

అపోహ: "సంపాదన ఆ విదేశీ కంపెనీవాడిది, పన్నూ వాడిదే కదండీ."

చట్టం ప్రకారం అంతే. అగ్రిమెంటు ప్రకారం కాకపోవచ్చు. "పన్నులు పోను మాకు 50 లక్షలు అందాలి" అని రాయించుకునే విదేశీ కంపెనీలు చాలా ఉన్నాయి. అప్పుడు పన్ను రేటు 10 శాతమైతే మీకు పడే ఖర్చు సుమారు 55.56 లక్షలు. అదే 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు అయితే 63.13 లక్షలు. టీడీఎస్ (డబ్బు పంపే ముందే కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) కట్టకుండా డబ్బు పంపేస్తే పన్ను శాఖ పట్టుకునేది మిమ్మల్నే. పైగా ఆ ఖర్చును మీ లెక్కల్లో ఒప్పుకోరు.

అపోహ: "ఆ దేశంతో మనకి పన్ను ఒప్పందం ఉంది, 10 శాతమే."

జపాన్, జర్మనీలతో రాయల్టీకి (వాళ్ల టెక్నాలజీ వాడుకున్నందుకు కట్టే సొమ్ము), సాంకేతిక సేవల ఫీజుకి 10 శాతమే, నిజం. కానీ అక్కడి పన్ను శాఖ ఇచ్చిన రెసిడెన్సీ సర్టిఫికెట్ (ఆ కంపెనీ ఆ దేశానిదేనన్న ధ్రువపత్రం) మీ ఫైల్లో ఉండాలి. లేదంటే మన చట్టం రేటు పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అది 10 కాదు, 20. విదేశీ కంపెనీ దగ్గర రాబడదామని పెంచారు గానీ, పైన చెప్పిన షరతు ఉన్నచోట ఆ భారం పలాస వ్యాపారి మీదే పడుతోంది. చిన్న పరిశ్రమ విషయంలో ఈ పెంపు తప్పనే అంటాను.

అపోహ: "మెషిన్‌తో పాటే అన్నీ వస్తాయి, బిల్లు ఒకటి చాలు."

చాలదు. జీడిపప్పు రంగు చూసి వేరుచేసే కలర్ సార్టర్ తెప్పించారనుకోండి. మెషిన్ ధరకి కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ). దాన్ని బిగించి, మనవాళ్లకి నేర్పడానికొచ్చే ఇంజినీరు ఫీజుకి సాధారణంగా టీడీఎస్. రాయల్టీ కడితేనే సరుకు అమ్ముతామని షరతు ఉంటే, ఆ రాయల్టీని కస్టమ్స్ విలువలోనూ కలుపుతారు. అన్నీ ఒకే వరుసలో రాసిన ఇన్వాయిస్ వస్తే, ఏది ఎంతో అధికారికి ఒప్పించలేక మనకే తలనొప్పి.

అపోహ: "రివర్స్ ఛార్జ్‌లో కట్టిన 18 శాతం జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొచ్చేస్తుంది."

రివర్స్ ఛార్జ్ అంటే విదేశీ సేవ మీద జీఎస్టీని అమ్మినవాడు కాక, కొన్న మనమే కట్టడం. క్రెడిట్ (మన అమ్మకం మీది జీఎస్టీలో సర్దుకునే మొత్తం) వస్తుంది, వాడుకోవడమే కష్టం. జీడిపప్పు మీద జీఎస్టీ 5 శాతమే. సేవల మీద పేరుకున్న క్రెడిట్‌కి, అమ్మకం మీద రేటు తక్కువుందన్న కారణంతో రీఫండ్ ఇవ్వరు. 2021లో సుప్రీంకోర్టూ ఆ నిబంధనను సమర్థించింది. ఎగుమతి చేసేవాళ్లకి మాత్రం దారి ఉంది.

టెక్నాలజీ దిగుమతి మీద 5 శాతం ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) సెస్సు 2017లోనే రద్దయింది. పాత అంచనాల్లో ఇంకా ఆ పద్దు కనిపిస్తే కొట్టేయండి.