పోస్టు చేయనిదీ సాక్ష్యమే

కాలేజీ విద్యార్థుల 63 ఫేస్‌బుక్ ఖాతాలను పరిశీలించి షాన్యాంగ్ జావో, ఆయన సహచరులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ‘నా గురించి’ అన్న చోట తమను తాము మాటల్లో వర్ణించుకోవడం మీద ఆ విద్యార్థులకు పెద్దగా ఆసక్తి లేదు. స్నేహితుల గుంపులో నవ్వుతూ దిగిన ఫొటోలు, ఇష్టమైన పాటలు, సినిమాలు, పుస్తకాల జాబితాలు మాత్రం దండిగా ఉన్నాయి. తామెవరో చెప్పుకోకుండా, చూసేవాళ్లే గ్రహించేలా చూపించారన్నమాట.

విద్యార్థులు సోషల్ మీడియాలో తమ అస్తిత్వాన్ని ఎలా మలచుకుంటారో తెలుసుకోవాలనుకునేవారికి ఇక్కడే చిక్కు మొదలవుతుంది. పోస్టులు లెక్కపెట్టి, పదాలు ఏరి, ఫలానా విద్యార్థి ఇలాంటివాడని తేల్చేయడం సులువు. కానీ మలచుకునే పనిలో చాలా భాగం పోస్టు బయటికి రాకముందే జరిగిపోతుంది.

కాలేజీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయికి పోటీలో రెండో బహుమతి వచ్చిందనుకుందాం. ఒంటరిగా బహుమతి పట్టుకున్న ఫొటో పెడితే గొప్పలు పోతున్నట్టు ఉంటుందని జట్టంతా ఉన్న ఫొటో ఎంచుకుంది. ‘చాలా కష్టపడ్డాను’ అని రాసింది. చెరిపి ‘కష్టపడ్డాం’ అని మార్చింది. స్కూలు రోజుల స్నేహితురాలిని ట్యాగ్ చేయబోయి, ఇక్కడివాళ్లకు ఆమె ఎవరో తెలియదని ఆగింది. చివరికి ఆ వాక్యం కూడా తీసేసి ఒక ఎమోజీ మిగిల్చింది. పరిశోధకుడి పట్టికలో ఇదంతా ‘ఫొటో ఒకటి, ఎమోజీ ఒకటి’ అని నమోదవుతుంది. వినయంగా కనిపించాలన్న కోరిక, పాత స్నేహాలకూ కొత్త స్నేహాలకూ మధ్య తడబాటు ఆ పట్టికకు అందవు.

ఇలా రాసి ఆపేయడం ఎంత మామూలో చెప్పే లెక్క ఒకటి ఉంది. 2013లో ప్రచురించిన అధ్యయనం కోసం సావిక్ దాస్, ఆడమ్ క్రామర్ 39 లక్షల మంది ఫేస్‌బుక్ వినియోగదారులను 17 రోజులపాటు గమనించారు. వారిలో 71 శాతం మంది కనీసం ఒక్కసారైనా ఏదో టైపు చేసి, పోస్టు చేయకుండా వదిలేశారు. కామెంట్ల కన్నా సొంత పోస్టులే ఎక్కువగా ఆగిపోయాయి. కామెంటు ఎవరి కంట పడుతుందో కొంత ఊహకు అందుతుంది. సొంత పోస్టు ఎవరెవరు చూస్తారో, ఏమనుకుంటారో అంత తేలిగ్గా అందదు.

మనిషి ఎదుటివారిని బట్టి తన తీరు మార్చుకుంటాడని, వేదిక మీద ఒకలా, తెర వెనుక మరోలా ఉంటాడని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1956లోనే వివరించారు. అయితే అప్పట్లో వేదికలు వేరువేరుగా ఉండేవి. ఇంట్లో ఒకలా, తరగతిలో ఇంకోలా, స్నేహితుల దగ్గర మరోలా ఉండటానికి గోడలు సాయపడేవి. సోషల్ మీడియాలో ఆ గోడలు లేవు. అమ్మ, లెక్చరర్, పాత స్నేహితుడు, రేపు ఉద్యోగం ఇవ్వబోయే అధికారి అందరూ ఒకే వరసలో కూర్చుంటారు. ఈ కలగాపులగం గురించి ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ 2011లో విపులంగా రాశారు. విద్యార్థులు రెండో ఖాతా తెరవడం, దగ్గరివాళ్లకే కనిపించే స్టోరీలు పెట్టడం, పాత ఫొటోలు దాచేయడం చూసి పెద్దలు దొంగచాటు వ్యవహారమని అనుమానిస్తారు. నా దృష్టిలో అది కూలిన గోడలను మళ్లీ కట్టుకునే ప్రయత్నం. దానిని గౌరవించాలి.

అలాగని అక్కడ కనిపించేదంతా వేషమని కొట్టిపారేయడమూ సరికాదు. 2010లో మిట్యా బాక్ బృందం అమెరికా, జర్మనీలకు చెందిన 236 మంది ప్రొఫైళ్లను అపరిచితులకు చూపించింది. చూసినవారికి కలిగిన అభిప్రాయం ప్రొఫైల్ యజమానుల అసలు స్వభావానికే దగ్గరగా ఉంది, వాళ్లు కావాలని కలలుగన్న రూపానికి కాదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఏమీ శాశ్వతంగా తేల్చుకోకుండా పాత్రలను ప్రయత్నించి చూసే వ్యవధి యువతకు కావాలని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ అన్నారు. అమీ గొంజాలెజ్, జెఫ్రీ హాన్‌కాక్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని కలుపుగోలు మనుషుల్లా, కొందరిని ముభావంగా ఉండేవాళ్లలా జవాబులు రాయమన్నారు. రాసింది బ్లాగులో నలుగురూ చదువుతారని నమ్మినవారు, ఆ తర్వాత తమను తాము అంచనా వేసుకున్నప్పుడు ఆ పాత్ర వైపే ఒరిగారు. ఎవరికీ చూపించని ఫైలులో రాసినవారిలో ఆ మార్పు రాలేదు. అంటే నలుగురి ఎదుట ప్రయత్నించిన పాత్ర కొంత ఒంటికి అంటుకుంటోంది. ఎరిక్‌సన్ కోరిన వ్యవధి కెమెరా ముందు గడిస్తే ఏమవుతుందన్నది నిజంగా పట్టించుకోవాల్సిన ప్రశ్న.

మరి అధ్యయనం ఎలా చేయాలి? పరిశోధకులు బ్రాడీ రోబార్డ్స్, షాన్ లింకన్ అనుసరించిన పద్ధతి నాకు అన్నిటికన్నా సరైనదనిపిస్తుంది. ఖాతా యజమాని పక్కనే కూర్చుని, ఇద్దరూ కలిసి టైమ్‌లైన్‌ను వెనక్కి జరుపుతూ పోతారు. అలా ఒక్కో పాత పోస్టు దగ్గర ఆగి, అప్పుడేం జరుగుతోందో ఆ మనిషి చేతనే చెప్పిస్తారు. ఊరికే పెట్టినట్టున్న ఒక పాట వెనుక తెగిపోయిన ప్రేమ ఉండవచ్చు. మూడు నెలల ఖాళీ వెనుక అనారోగ్యం ఉండవచ్చు. ఏది ఎందుకు తొలగించారో చెప్పగలిగేది తొలగించినవారే కాబట్టి, ఇక్కడ విద్యార్థి పరిశోధనకు వస్తువు మాత్రమే కాకుండా విశ్లేషణలో భాగస్వామి కూడా అవుతాడు.

ఇంత దగ్గరగా చూసినప్పుడు బాధ్యత కూడా పెరుగుతుంది. ఒక కాలేజీ బ్యాచ్ మొత్తం ఫేస్‌బుక్ వివరాలను 2008లో పరిశోధకులు పేర్లు తీసేసి విడుదల చేశారు. కాలేజీ పేరు కూడా చెప్పలేదు. అయినా దత్తాంశంతో (డేటాతో) ఇచ్చిన వివరాలను బట్టి అది హార్వర్డ్ అని కొద్ది కాలంలోనే బయటపడింది, దత్తాంశాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. పోస్టులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉటంకిస్తే, దానిని ఇంటర్నెట్‌లో వెతికినవారికి మనిషి దొరికిపోవచ్చు. అందుకే మాటలు మార్చి సారాంశం రాయాలి, ఏది వాడుకోవచ్చో విద్యార్థినే అడగాలి, తర్వాత మనసు మార్చుకుంటే తప్పుకోనివ్వాలి. కామెంట్లలో, ఫొటోల్లో కనిపించే స్నేహితులు ఏ అంగీకారపత్రం మీదా సంతకం చేయలేదు. వాళ్లను విడిగా అడగాలి, కుదరకపోతే వాళ్ల మాటలనూ ముఖాలనూ అధ్యయనంలోకి తీసుకోకూడదు.