శాన్వి అంటే లక్ష్మీదేవేనా? ఆడపిల్లల పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో పౌరోహిత్యం చేస్తాను. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో నన్ను ఎవరూ పెద్దగా ప్రశ్నలు అడగరు. నామకరణం అంటే మాత్రం ముహూర్తానికి రెండు రోజుల ముందు నుంచే ఫోన్లు. అందులోనూ ఆడపిల్ల పేరైతే ఇంటిల్లిపాదికీ టెన్షనే. చంద్రగిరి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఇళ్లలో తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శాన్వి అంటే లక్ష్మీదేవి. వేదంలో ఉన్న పేరు.

ఈమధ్య నేను బియ్యంలో రాయించిన పేర్లలో శాన్వి, సాన్విక, ధన్విక లాంటివే ఎక్కువ. అర్థం అడిగితే ఫోన్ చూపిస్తారు. లక్ష్మీదేవి అని రాసి ఉంటుంది.

వాస్తవం: లక్ష్మిని స్తుతించే వేదసూక్తమైన శ్రీసూక్తం మొత్తం చదవండి, ఈ పేరు కనబడదు. లక్ష్మీ అష్టోత్తరంలో 108 నామాలున్నాయి, వాటిలోనూ లేదు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో లక్ష్మికి చెప్పిన పేర్లు లక్ష్మి, పద్మాలయ, పద్మ, కమల, శ్రీ, హరిప్రియ, ఇందిర, లోకమాత, మా, రమ... ఇలా సాగుతాయి. అక్కడా శాన్వి లేదు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఎత్తి రాయడంతో ఈ అర్థం స్థిరపడిపోయింది.

మరి ఇంత పేరెందుకు వచ్చింది? శతభిషం రెండో పాదానికి ‘సా’ అక్షరం. తల్లిదండ్రులు ‘సా’ జాబితా తెరుస్తారు. సావిత్రి లాంటివి పాతగా అనిపిస్తాయి. శాన్విని సాన్వి అని రాసుకుంటే రెండే అక్షరాలు, పలకడానికి తేలిక, పైగా దేవి పేరట. ఇంకేం కావాలి? ఆ పేరు పెట్టుకోవడంలో దోషమేమీ లేదు, నేనే ఎంతోమంది పిల్లల చెవిలో చెప్పాను. వేదంలో ఉందని మాత్రం నా నోట రాదు.

దాని పక్కనే వినిపించే తన్వి సంగతి వేరు. అది అసలైన సంస్కృత పదం, సన్నని అమ్మాయి అని అర్థం. మేఘదూతంలో యక్షుడు తన భార్యను వర్ణించే శ్లోకం ‘తన్వీ శ్యామా’ అనే మొదలవుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అష్టోత్తరంలో ఉన్నంత మాత్రాన ప్రతి నామమూ పిల్లకు పనికిరాదు. అందులో రెండో నామమే ‘వికృత్యై నమః’. పూజలో దానికి లోతైన అర్థం ఉంది, బడి హాజరు పట్టీలో ఉండదు.

అపోహ: నక్షత్రం అక్షరంతోనే పిలిచే పేరు పెట్టాలి, లేకపోతే పిల్లకు కీడు.

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. ఇంట్లో జరిగే కర్మలకు మన వైపు చాలామంది పాటించే సూత్రగ్రంథం ఆపస్తంబమే. ఆపస్తంబ గృహ్యసూత్రం నక్షత్రనామం గురించి చెబుతూ, అది రహస్యంగా ఉంచాలి అంటుంది. రహస్యంగా ఉంచాల్సిన పేరును వీధిలో అందరూ పిలిచే పేరుగా పెట్టాలని పట్టుబడితే ఎలా? చు, చే, చో, లా అని మనం చూసే అక్షరాల పట్టిక జ్యోతిషంలోని అవకహడ చక్రం. జాతకం రాసేటప్పుడు జన్మనామంగా అది రాసుకుంటే చాలు.

ఆ పట్టికను అక్షరాలా పాటించడమూ కుదరదు. ఆరుద్ర మూడో పాదానికి ‘ఙ’. హస్త మూడో పాదానికి ‘ణ’, నాలుగో పాదానికి ‘ఠ’. ‘ఙ’తో మొదలయ్యే ఆడపిల్ల పేరు ఎవరైనా చెబితే నేను కూడా నేర్చుకుంటాను. అలాంటప్పుడు పక్క పాదం అక్షరం తీసుకోమని అందరం సర్దుబాటు చేస్తూనే ఉన్నాం.

భయం ఎక్కడ నుంచి వచ్చిందంటే పెళ్లి పొంతనల దగ్గర నుంచి. పుట్టిన సమయం తెలియనివాళ్లకు పేరులో మొదటి అక్షరం పట్టి నక్షత్రం చూడటం ఆనవాయితీ. ఇప్పుడు ఆసుపత్రిలో నిమిషంతో సహా రాసిస్తున్నారు. జన్మనక్షత్రం తెలిసినప్పుడు నామనక్షత్రంతో పనే లేదు. గుడిలో అర్చన చేయించినా గోత్రం, నక్షత్రం, పేరు విడివిడిగానే చెబుతాం కదా.

అపోహ: పద్మావతి వేరు, అలమేలు వేరు. అలివేలు అంటే అలివేణి, మంగ అంటే మంగళం.

వాస్తవం: తిరుపతిలో ఉంటూ కూడా ఈ ప్రశ్న అడిగేవాళ్లున్నారు. తిరుచానూరు అమ్మవారినే సంస్కృతంలో పద్మావతి అంటున్నాం, అలమేలుమంగ అనీ పిలుస్తున్నాం. ఆ ఊరికి అలమేలుమంగాపురం అనే పేరు కూడా ఉంది. స్థలపురాణం ప్రకారం ఆకాశరాజు యాగం కోసం నేల దున్నిస్తుంటే బంగారు తామరలో పసిపాప దొరికింది, తామరలో దొరికింది కాబట్టి పద్మావతి. పెళ్లి జరిగిన చోటు నారాయణవనం, మనకు పుత్తూరు పక్కనే.

అలమేలుమంగ తమిళం నుంచి వచ్చిన మాట. అలర్ అంటే విచ్చిన పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. పువ్వు మీద ఉన్న అమ్మ అన్నమాట. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ తన తిరువాయ్‌మొళిలో, ఆరో పత్తులో (ఆరో భాగంలో), తిరుమల స్వామిని శరణు వేడుతూ పాడిన పాశురం (పద్యం) ఉంది. క్షణమైనా విడిచి ఉండలేనంటూ అలర్‌మేల్ మంగై నివసించే వక్షస్థలం కలవాడా అని అందులో సంబోధిస్తాడు. శ్రీవైష్ణవులు శరణాగతికి ఈ పాశురాన్నే తలుచుకుంటారు. అంటే ఈ పేరు కొన్ని వందల ఏళ్లుగా స్వామి సన్నిధిలో వినబడుతూనే ఉంది. తర్వాత 15వ శతాబ్దంలో అన్నమయ్య దాన్ని పూర్తిగా తెలుగు చేసేశాడు. ‘అలరులు కురియగ ఆడెనదే’ అని మొదలుపెట్టి అలమేలుమంగ దగ్గరికి తెస్తాడు. అలరు అంటే తెలుగులోనూ పువ్వే కాబట్టి ఆ పాట మనకు అంత సహజంగా అనిపిస్తుంది.

అలివేలు అనేది అలమేలు జనం నోట నలిగిన రూపం. అలివేణి అంటే తుమ్మెదల్లాంటి నల్లని జడ ఉన్న స్త్రీ, దానికీ దీనికీ సంబంధం లేదు. మంగమ్మ, మంగతాయారు, మంగ అన్నీ ఆ మంగై నుంచి వచ్చినవే. మన అవ్వల కాలంలో ఇంటికొక మంగమ్మ ఉండేది. ఇప్పుడు ఆ పేరు పెడదామంటే బడిలో ఏడిపిస్తారేమోనని తల్లులు జంకుతారు. నాకైతే అలమేలు వినసొంపైన పేరే. పూర్తిపేరుగా పెట్టడానికి మనసొప్పకపోతే పద్మజ, పద్మిని, కమల, అలర్ అని ఎన్ని దారులు లేవు! శ్రీకాళహస్తి వైపు అమ్మవారు జ్ఞానప్రసూనాంబ కాబట్టి ప్రసూన, జ్ఞానప్రసూన అని పెట్టుకునేవాళ్లు. ఆ పేరు కూడా ఈమధ్య నాకు ఎక్కువగా వినబడటం లేదు.

అపోహ: ఆడపిల్ల పేరు బేసి అక్షరాల్లోనే ఉండాలి, సరి అక్షరాలైతే దోషం.

వాస్తవం: బేసి అక్షరాలు మంచివని ఆపస్తంబుడు చెప్పిన మాట నిజం. మనుస్మృతి కూడా స్త్రీల పేరు సుఖంగా పలికేలా, అర్థం స్పష్టంగా, మంగళకరంగా, చివర దీర్ఘంతో ఉండాలంటుంది. అయితే సీతకు రెండు అక్షరాలు, లక్ష్మికి రెండు, అరుంధతికి నాలుగు, పద్మావతికి నాలుగు. ఉంటే మంచిదన్న మాటను లేకపోతే దోషంగా మార్చింది మనమే.

అపోహ: నదుల పేర్లు పెడితే ఆడపిల్ల ఒకచోట నిలవదు.

వాస్తవం: పెళ్లికి నదుల, చెట్ల, నక్షత్రాల పేర్లున్న పిల్లను చేసుకోవద్దని మనుస్మృతిలో ఒక శ్లోకం ఉంది. లోకం దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. రోహిణి, రేవతి, తులసి, యమున పేర్లతో ఎన్ని కాపురాలు చల్లగా లేవు? తాతయ్యగుంట గంగమ్మ జాతర చేసే ఊళ్లో ఉండి గంగ అన్న పేరుకు భయపడటమేమిటో నాకు అర్థం కాదు.

అపోహ: స్పెల్లింగులో ఇంకో ‘ఎ’ చేరిస్తే పిల్ల జాతకం మారుతుంది.

వాస్తవం: ఆ లెక్క ఇంగ్లీషు అక్షరాలకు అంకెలిచ్చి కట్టినది. గృహ్యసూత్రాల్లో దాని ప్రసక్తి లేదు. ఆధార్‌లో ఒకలా, బడి రికార్డుల్లో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా పడితే తిప్పలు మాత్రం ఖాయం.

అపోహ: మా అత్తగారే పేరు పెట్టాలి. లేదు, మేనత్తే పెట్టాలి.

వాస్తవం: తల్లీ తండ్రీ పెడతారని సూత్రం. మేనత్తకు చీర పెట్టండి, ఆమె సంతోషిస్తుంది.

అపోహ: పుట్టిన సర్టిఫికెట్ కోసం 21 రోజుల్లో పేరు ఖాయం చేసెయ్యాలి.

వాస్తవం: దీనివల్లే కొందరు హడావిడిగా ఏదో ఒక పేరు రాయించేసి, నామకరణం నాడు వేరే పేరు పెట్టి, తర్వాత తల పట్టుకుంటారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో కావాల్సింది జనన నమోదు. పేరు గడి ఖాళీగా వదిలి నమోదు చేయించవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల లోపు పేరు చేర్పించుకుంటే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు చాలా పనులకు ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఖాళీ గడిలో పేరు చేర్చడం సులువు, ఒకసారి ఎక్కిన పేరును మార్చాలంటే పత్రాలతో తిరగాలి. కాబట్టి ముందు నామకరణం కానివ్వండి, బియ్యంలో రాసిన పేరే కాగితం మీదికి వెళ్లనివ్వండి.